తిరుపతికి మకాం మారుస్తున్న దంపతులకు: పెద్ద ఇంటి కాపురాన్ని చిన్న ఇంట్లో సర్దుకోవడం ఎలా

యాత్రికులకు తెలిసిన తిరుపతి బస్టాండుకూ అలిపిరికీ మధ్య ముగిసిపోతుంది. కాపురం పెట్టేవాళ్లకు కనిపించే ఊరు వేరు. 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడింది. వైద్య, వ్యవసాయ, పశువైద్య కళాశాలలు, సంస్కృత విశ్వవిద్యాలయం, 1983లో మహిళా విశ్వవిద్యాలయం తోడయ్యాయి. 2015లో ఐఐటీ, ఐసర్ (విజ్ఞానశాస్త్ర విద్య, పరిశోధన సంస్థ) కూడా వచ్చాయి. పొద్దున్నే విశ్వవిద్యాలయం రోడ్లమీద నడకకు వెళ్లే పెద్దలు, తొమ్మిదింటికి సైకిళ్లమీద, స్కూటర్లమీద సాగే విద్యార్థులు, సాయంత్రం మహతి ఆడిటోరియంలో కచేరీ. ఈ ఊళ్లో ఇద్దరే ఉండే ఇంటికి పెద్ద ఇల్లు అక్కరలేదు.

ఇక్కడికి వచ్చే జంటల్లో కొందరు ఏదో ఒక విద్యాసంస్థలో ఉద్యోగం వచ్చి వస్తారు. కొందరు పదవీ విరమణ చేశాక, పిల్లలు స్థిరపడ్డాక, స్వామి పాదాల చెంత ఉండాలన్న కోరికతో వస్తారు. చిక్కు మాత్రం అందరికీ ఒకటే. హైదరాబాదులోనో బెంగళూరులోనో మూడు పడకగదుల ఇంట్లో పాతికేళ్లుగా పేరుకున్న సామాను ఇక్కడి రెండు గదుల ఇంట్లో పట్టదు. చాలామంది సామానుకు సరిపడే ఇల్లు వెతుకుతారు. అలా వెతికితే మళ్లీ పెద్ద ఇల్లే దొరుకుతుంది, అద్దె పెరుగుతుంది, ఊడ్చుకోవడానికి గదులు మిగులుతాయి. ఊళ్లో ఏ పేటలో ఉండాలో ముందు తేల్చుకోండి. ఆ తర్వాత ఇల్లు చూడండి. దాన్ని కొలిచాకే పాత ఇంట్లో అల్మరా తలుపు తెరవండి. ఈ వరుస మారకూడదు.

మొదట పేట

ఇద్దరిలో ఒకరు ఉద్యోగానికి వెళ్తుంటే పేట దాదాపు నిర్ణయమైపోయినట్టే. ఎస్వీ విశ్వవిద్యాలయం, మహిళా విశ్వవిద్యాలయం, వైద్య కళాశాలల్లో పనిచేసేవాళ్లకు బాలాజీ కాలనీ, ఎం.ఆర్.పల్లి, ఎయిర్ బైపాస్ రోడ్డు చుట్టుపక్కల అనువుగా ఉంటాయి. ఐఐటీ, ఐసర్ ప్రాంగణాలు ఏర్పేడు వైపు, శ్రీకాళహస్తి దారిలో తిరుపతికి దాదాపు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ప్రాంగణంలో క్వార్టరు దొరికితే ఒకరికి హాయిగా ఉంటుంది. రెండోవారికి కూరగాయల అంగడి, గుడి, స్నేహితులు అన్నీ దూరమవుతాయి. అందుకని రేణిగుంట రోడ్డు వైపు ఇల్లు తీసుకుని ఉద్యోగం చేసేవారు రోజూ ప్రయాణం చేయడం మేలని నా అభిప్రాయం. ఇంట్లో ఉండేవారి పగలు ఎలా గడుస్తుందన్నదే పేటను నిర్ణయించాలి. వాళ్లే ఎక్కువ గంటలు అక్కడ ఉంటారు.

ఉద్యోగం లేని దంపతులు నడిచి వెళ్లగల దూరాలు చూసుకోవాలి. కూరగాయలు, మందుల దుకాణం, గుడి, ఆటో దొరికే మలుపు. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పాత ఊళ్లో అన్నీ గుమ్మంలోనే ఉంటాయి. కానీ యాత్రికుల రద్దీ కూడా గుమ్మంలోనే ఉంటుంది. తిరుచానూరు వైపు కొంత విశాలం, అమ్మవారి గుడి దగ్గర. కార్తీకంలో అమ్మవారి బ్రహ్మోత్సవాలప్పుడు, ముఖ్యంగా పంచమి తీర్థం నాడు ఆ దారిలో కదలడం కష్టం. కొండ అంచున ఉన్న కాలనీల్లో గాలి బాగుంటుంది. కోతులు వస్తాయి కాబట్టి కిటికీలకు జాలీ తప్పనిసరి. విశ్వవిద్యాలయం ప్రాంగణంలో, అలిపిరి వైపు చిరుతలు కనబడిన సందర్భాలు ఉన్నాయి. ఆ వైపు ఉండేవాళ్లు తెల్లవారకముందు ఒంటరిగా నడకకు వెళ్లకూడదు.

వైద్యం విషయంలో ఈ ఊరు కలిసొస్తుంది. స్విమ్స్, ఎముకల చికిత్సకు బర్డ్, రుయా ఆసుపత్రి, అరవింద కంటి ఆసుపత్రి అన్నీ ఇక్కడే ఉన్నాయి. మీ ఆరోగ్య బీమా ఇక్కడ ఏ ఆసుపత్రుల్లో నగదు లేకుండా చెల్లుతుందో ఇల్లు వెతకడానికి ముందే కంపెనీకి ఫోను చేసి కనుక్కోండి.

ఇల్లు వెతికే కాలం

ఏప్రిల్, మే నెలల్లో చదువులు ముగించుకుని వెళ్లిపోయే కుటుంబాలు చాలా ఉంటాయి. పిల్లల ఇంటర్ కోసం రెండేళ్లు ఇక్కడ కాపురం పెట్టినవాళ్లు ఇళ్లు ఖాళీ చేసేది అప్పుడే. జూన్‌లో కొత్త విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు దిగేలోపు చూసుకుంటే నాలుగైదు ఇళ్లలో ఒకటి ఎంచుకునే వెసులుబాటు ఉంటుంది. ఆషాఢం రాకముందే పాలు పొంగించాలని ఎలాగూ ఇంట్లో పెద్దలు అంటారు, ఆ లెక్కకూ ఇదే సరిపోతుంది. శ్రీవారి బ్రహ్మోత్సవాల రోజుల్లో, అందులోనూ గరుడసేవ నాడు, ఇల్లు చూడటానికి కానీ లారీ దించడానికి కానీ పెట్టుకోకండి.

మే నెలలో చూడటం వల్ల ఇంకో మేలు ఉంది. తిరుపతి ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. మధ్యాహ్నం మూడింటికి వెళ్లి పడకగది పడమటి గోడమీద అరచేయి ఆనించి చూడండి. పైఅంతస్తు ఇళ్లు కొంచెం తక్కువ అద్దెకు వస్తాయి. ఆ తేడా అంతా ఏసీ బిల్లుకు పోతుంది. నా మటుకు నేను మొదటి అంతస్తునే సిఫారసు చేస్తాను. నేలమీది ఇల్లు మోకాళ్లకు మంచిదే కానీ అక్కడ వాన సంగతి అడగాలి.

ఈ ఊరికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరులో ఊళ్లోకి వరద వచ్చి కాలనీలు మునిగాయి. కింది అంతస్తు చూస్తున్నప్పుడు యజమానిని కాకుండా ఎదురింటివాళ్లను అడగండి: "2021లో ఇక్కడ నీళ్లు ఎంతవరకు వచ్చాయి?" వాళ్లు గోడమీద చేయి పెట్టి చూపిస్తారు. అక్కడే నీళ్ల గురించి కూడా అడగండి. కొళాయి నీళ్లు రోజూ వస్తాయా, రోజు విడిచి రోజా, బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయా, వేసవిలో ట్యాంకరు కొనాల్సి వస్తుందా. కుక్కరు అడుగున, గీజరులో తెల్లటి పొర కట్టే నీళ్లయితే వాషింగ్ మెషీన్ ఆయుష్షు కూడా తగ్గుతుంది.

కరెంటు బిల్లు కూడా అడిగి చూడండి. దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. సర్వీసు నంబరు ఉంటే పాత బకాయిలు ఉన్నాయో లేదో తెలుసుకోవడం క్షణం పని.

చుట్టాల లెక్క

ఇది తిరుపతికే ప్రత్యేకం. చిన్న ఇంటికి మారేవాళ్లు అతిథుల గది ముందు తీసేస్తారు. వేరే ఊళ్లో అయితే అది సరైన పనే. ఇక్కడ మాత్రం ఇంటి చిరునామా తెలిసిన వారం రోజుల్లో ఫోను మోగుతుంది.

"వదినా, శనివారం దర్శనానికి వస్తున్నాం. ఐదుగురం. రాత్రికి మీ ఇంట్లో దిగి తెల్లవారుజామునే కొండెక్కేస్తాం, మీకేం శ్రమ వద్దు."

ఆ మాటలో ప్రేమ ఉంది. మీరు కాదనలేరు, కాదనకూడదు కూడా. కానీ దానికోసం మూడో పడకగది అద్దె నెలనెలా కట్టక్కరలేదు. వచ్చేవాళ్లు ఉండేది ఒక రాత్రి. వాళ్లకు కావలసినవి పడుకోవడానికి చోటు, స్నానానికి వేడినీళ్లు, చెప్పులు, సంచులు పెట్టుకోవడానికి ఒక మూల. కాబట్టి రెండు పడకగదులు, రెండు స్నానాల గదులు ఉన్న ఇల్లు తీసుకోండి. రెండో స్నానాల గది హాలులోంచి వెళ్లేలా ఉండాలి. మీ పడకగదిలోంచి దారి ఉంటే తెల్లవారుజామున మూడింటికి మీకు నిద్ర ఉండదు. హాలులో నలుగురు వరుసగా పడుకోగలిగేంత నేల ఖాళీగా ఉండాలి. అందుకే పెద్ద సోఫా సెట్టు తిరుపతికి తేవద్దని నేను గట్టిగా చెబుతాను. ఒక దివాన్, రెండు కుర్చీలు చాలు. గోడకు ఆనించి మడిచిపెట్టే పరుపులు రెండు, చాపలు, బొంతలు, నాలుగు దుప్పట్లు, దిండ్లు ఒక బీరువా అరలోనో దివాన్ పెట్టెలోనో సరిపోతాయి.

ఇల్లు మాట్లాడుకునేటప్పుడే యజమానికి ఈ సంగతి చెప్పండి. "మేమిద్దరమే ఉంటాం, కానీ నెలకు ఒకటి రెండుసార్లు చుట్టాలు ఒక రాత్రికి వస్తారు" అని ముందే అంటే, తర్వాత నీళ్ల గురించి గొడవ ఉండదు. ఎక్కువమంది వచ్చేటప్పుడు దేవస్థానం వసతి సముదాయాలు ఉన్నాయి. రైల్వే స్టేషను ఎదురుగా విష్ణు నివాసం, బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, దాని పక్కన మాధవం. పదిమందితో వస్తున్నామన్న బంధువులకు ఆ పేర్లు ముందే చెప్పి, భోజనానికి మాత్రం మీ ఇంటికి పిలవండి. ఎవరి మనసూ నొచ్చుకోదు.

టేపు, గళ్ల కాగితం

ఇల్లు ఖాయం కాగానే, అడ్వాన్సు ఇచ్చిన రోజే, టేపు తీసుకుని అక్కడ ఒక గంట ఉండండి. ప్రతి గది పొడవు, వెడల్పు, కిటికీ నేలనుంచి ఎంత ఎత్తులో ఉంది, తలుపు ఎటు తెరుచుకుంటుంది, స్విచ్చులు ఎక్కడున్నాయి, అటక ఎంత లోతు అన్నీ రాసుకోండి. తర్వాత గళ్ల కాగితంమీద ఇంటి పటం గీసి, అదే కొలతలో మంచం, బీరువా, ఫ్రిజ్ ఆకారాలు అట్టముక్కల్లో కత్తిరించి పెట్టి చూడండి. ఈ పని ఇద్దరూ కలిసి చేయాలి. సామాను విషయంలో దంపతుల మధ్య వచ్చే మాటామాటా చాలావరకు ఈ కాగితంమీదే తీరిపోతుంది. ఎందుకంటే "పట్టదు" అన్నది అప్పుడు మీరు కాదు, కాగితం చెబుతుంది.

ఒక లెక్క చూడండి. ఇక్కడి అద్దె ఇళ్లలో పడకగది పదడుగుల చదరం ఉందనుకుందాం, అంటే 120 అంగుళాలు. పెద్ద మంచం 72 అంగుళాల వెడల్పు, 78 అంగుళాల పొడవు. తలవైపు గోడకు ఆనిస్తే కాళ్లవైపు 42 అంగుళాలు మిగులుతుంది. అక్కడ మామూలు ఇనప బీరువా పెడితే దాని లోతు 19 అంగుళాలు పోగా మిగిలేది 23. బీరువా తలుపు రెక్క 18 అంగుళాలు ఉంటుంది. తలుపు తెరుచుకుంటుంది, కానీ తెరిచాక మీరు నిలబడటానికి చోటుండదు, మంచంమీద కూర్చుని చీరలు తీసుకోవాలి. అదే 60 అంగుళాల మంచమైతే పక్కన ఐదడుగులు దొరుకుతుంది, బీరువా పక్క గోడకు చేరుతుంది, గది గదిలా ఉంటుంది. పెద్ద మంచాన్ని వదులుకోవడానికి ఇంతకంటే కారణం అక్కరలేదు.

గదులు కొలిచినవాళ్లు కూడా మెట్లు కొలవరు. మెట్లు తిరిగే చోట పిట్టగోడకూ ఎదురు గోడకూ మధ్య ఎంత ఉంది, పైన స్లాబు ఎంత ఎత్తులో ఉంది చూడండి. ఆరున్నర అడుగుల బీరువాను నిలబెట్టి తిప్పలేరు, పడుకోబెట్టి తిప్పాలి. విడదీయడానికి వీల్లేని పాతకాలపు టేకు మంచం అక్కడ చిక్కుకుంటే, కిందికి దించి బాల్కనీ మీదుగా తాళ్లతో లాగాలి. కూలీలు అప్పటికప్పుడు అడిగింది ఇవ్వాల్సిందే. ఆ మలుపు కొలత పాత ఇంట్లో మంచం పక్కన నిలబడి సరిచూసుకుంటే ఈ బాధ ఉండదు.

తేల్చడం

పాత ఇంటికి తిరిగొచ్చాక ఇద్దరూ వేర్వేరు కాగితాలు తీసుకుని, ఏం పోయినా ఇవి పోకూడదు అనుకునే వస్తువులు పదేసి రాయండి. ఒకరు రాసేటప్పుడు ఇంకొకరు చూడవద్దు. రెండు జాబితాల్లో ఉన్నవాటికి ప్రశ్న లేకుండా చోటు ఇవ్వండి. ఒకరి జాబితాలోనే ఉన్నదాన్ని రెండోవారు తీసేయకూడదు. ఆయన పాత రేడియోను ఆమె పారేయమనకూడదు, ఆమె పుట్టింటివాళ్లిచ్చిన గంగాళాన్ని ఆయన తూకానికి వేయకూడదు. ఈ ఒక్క కట్టుబాటు పెట్టుకుంటే మిగతా వస్తువుల విషయంలో ఇద్దరికీ చేయి సడలుతుంది.

వంటింటితో మొదలుపెట్టండి. ఎక్కువ సామాను ఉండేదీ, తేలిగ్గా తగ్గేదీ అదే. పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో వచ్చిన స్టీలు గిన్నెలు మూటలుగా అటకమీద ఉంటాయి. ఇద్దరికి రోజూ వాడే పాత్రలు, ఆరుగురు భోజనం చేసే రోజుకు సరిపడే పళ్లాలు, గ్లాసులు, ఒక పెద్ద గిన్నె, ఒక పెద్ద కుక్కరు ఉంచుకోండి. మిగిలిన స్టీలు, ఇత్తడి, రాగి తూకానికి తీసుకునే పాత్రల దుకాణాలు ప్రతి ఊళ్లో ఉన్నాయి. ఇత్తడి, రాగి ధర స్టీలుకంటే చాలా ఎక్కువ కాబట్టి మూటలు విడివిడిగా కట్టండి, కలిపి తూకం వేయనివ్వకండి. ఆ డబ్బుతో అక్కడే ఒక మంచి మందపాటి గిన్నె కొనుక్కోవచ్చు. రాతి రోలు, పెద్ద గ్రైండరు ఇంటి పనిమనిషికో ఊళ్లో బంధువులకో ఇచ్చేయండి. ఇద్దరికి ఇడ్లీ పిండి చిన్న గ్రైండరులో అవుతుంది, చేయలేని రోజున అంగట్లో దొరుకుతుంది.

ఆవకాయ జాడీల విషయంలో మాత్రం తొందరపడకండి. జాడీ ఖాళీ చేసి వేరే డబ్బాలోకి మారిస్తే ఊరగాయ రుచి పోతుందని దిగులుపడేవాళ్లను నేను సమర్థిస్తాను. మూతమీద పలుచని గుడ్డ వేసి, దానిమీద ప్లాస్టిక్ కాగితం బిగించి, దారంతో మెడకు గట్టిగా చుట్టండి. జాడీని పాత నూలు చీరలో చుట్టి, స్టీలు బకెట్లో నిలబెట్టి, చుట్టూ తువ్వాళ్లు కూరండి. బకెట్టు మీ కారులో కాళ్ల దగ్గర రావాలి. లారీలో వేస్తే నూనె కారి, చివరికి పక్కనున్న పట్టుచీరల పెట్టె దాకా వెళ్తుంది.

పుస్తకాలు బరువు, ఆశ రెండూ ఉన్న సామాను. కాలేజీ ఊరికి వెళ్తున్నాం కదా అని అన్నీ మోసుకెళ్లాలనిపిస్తుంది. మళ్లీ చదువుతానని గుండెమీద చేయి పెట్టి చెప్పగలిగినవి ఒక అల్మరాలో పట్టేటన్ని ఉంచుకోండి. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లకు కోఠిలో పాత పుస్తకాల దుకాణాలు, ఆబిడ్స్‌లో ఆదివారం బజారు ఉన్నాయి. పోటీ పరీక్షల పుస్తకాలు, ఇంజినీరింగ్ పాఠ్యపుస్తకాలు కొత్త సిలబస్‌కు చెందినవైతే తిరుపతికే తెచ్చి మీ వీధిలో అద్దెకుండే విద్యార్థులకు ఇవ్వండి. పరిచయాలు ఆ పుస్తకాలతోనే మొదలవుతాయి. పాత సిలబస్ పుస్తకం ఎవరికిచ్చినా భారమే, దాన్ని కాగితాల తూకానికి వేయడంలో తప్పులేదు.

పిల్లల సామాను మీది కాదు. అమెరికాలో ఉన్న అబ్బాయి క్రికెట్ బ్యాటు, పూణేలో ఉన్న అమ్మాయి కప్పులు, రికార్డు పుస్తకాలు మీ రెండు గదుల్లో ఉండాల్సిన పనిలేదు. ఒక ఆదివారం వీడియో కాల్ పెట్టి, ఒక్కొక్కటే కెమెరా ముందు చూపించి, "కావాలా, వద్దా?" అని అడగండి. కావాలన్నది పార్శిలు పంపండి లేదా వాళ్లు వచ్చి తీసుకెళ్లే తేదీ చెప్పించుకోండి. మార్కుల జాబితాలు, పుట్టిన తేదీ ధ్రువపత్రాలు మాత్రం స్కాన్ చేసి, అసలు పత్రాలు వాళ్లకే అప్పగించండి.

దేవుడి గది కూడా తగ్గుతుంది. తిరుపతిలో విడిగా పూజగది ఉన్న చిన్న ఇల్లు దొరకడం కష్టం. వంటింటి గూటిలో ఇమిడే ఇలవేల్పు, రోజూ దీపం పెట్టే పటాలు ఉంచుకోండి. బహుమతులుగా వచ్చిన పటాలు, క్యాలెండర్లు పేరుకుపోయి ఉంటాయి. వాటిని చెట్టుకింద వదిలేసి రావడం నాకు నచ్చదు. గాజు, చట్రం విడదీసి పాత సామాను కొనేవాడికి ఇచ్చి, కాగితాన్ని శుభ్రంగా మట్టిలో కలిపేయడం గౌరవంగా ఉంటుంది. కొత్తగా కాపురం పెట్టిన జంట ఎవరైనా అడిగితే వాళ్లకివ్వడం ఇంకా మంచిది.

బట్టల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. స్వెట్టర్లు, కంబళ్లు ఇక్కడ పెద్దగా అవసరంలేదు. తిరుమల కొండమీద డిసెంబరు రాత్రి చలి గట్టిగానే ఉంటుంది కాబట్టి ఇద్దరికీ చెరొక శాలువా ఉంచుకోండి. ఇన్వర్టరు బ్యాటరీ పాతదైతే మోసుకురావద్దు, దుకాణంవాళ్లే పాతది తీసుకుని కొత్తదాని ధరలో తగ్గిస్తారు. పాత ఏసీ విప్పడానికి, బిగించడానికి, గ్యాసు నింపడానికి అయ్యే ఖర్చు ముందు లెక్కవేసుకోండి.

ఇవ్వదలచుకున్నవి బయలుదేరే రోజు కాకుండా నెల ముందే ఇవ్వండి. ఆఖరిరోజు ఇచ్చే మంచాన్ని వాచ్‌మన్ మొహమాటానికి తీసుకుంటాడు. ముందుగా అడిగితే తనకు పనికొచ్చేది తనే ఎంచుకుంటాడు.

లారీ

సామాను తగ్గాక లారీ నిండదు. అప్పుడు "వేరేవాళ్ల సామానుతో కలిపి వేస్తాం, సగం ధరకే" అంటారు. అందులో మధ్యలో ఇంకో లారీలోకి మార్చడం, నాలుగైదు రోజులు గోదాములో ఉంచడం ఉంటుంది. నా సలహా చిన్న వ్యాను మొత్తం మాట్లాడుకోవడమే. కంపెనీ మనిషి ఇంటికొచ్చి సామాను చూసి రాతపూర్వకంగా ధర ఇవ్వాలి. ఎక్కించే, దించే కూలీ, మెట్ల కూలీ, టోల్‌గేట్లు అన్నీ అందులో కలిసున్నాయో లేదో అడగండి. వస్తువుల జాబితాలో ప్రతి పెట్టెకూ నంబరు వేయించి సంతకం తీసుకోండి. రవాణా బీమా రసీదు వేరుగా ఉండాలి, నోటిమాట బీమా కాదు.

మంచం విప్పాక బోల్టులు, నట్లు గుడ్డసంచిలో వేసి ఆ మంచం కాలికే కట్టండి. గ్యాసు సిలిండరు లారీలో వేయకూడదు. స్కూటరులో పెట్రోలు తీయించండి. నగలు, దస్తావేజులు, మందులు, ఫోను ఛార్జర్లు మీ చేతిసంచిలో ఉండాలి. పాలు పొంగించే గిన్నె, చిన్న పొయ్యి, దీపపు కుందులు, కాఫీపొడి, చక్కెర, రెండు గ్లాసులు, ఒక చాప విడిగా ఒక పెట్టెలో పెట్టి మీతో తెచ్చుకోండి.

కాగితాల పని

గ్యాసు కనెక్షన్ పాత ఊళ్లోనే బదిలీ చేయించుకోవాలి. సిలిండర్లు, రెగ్యులేటరు ఏజెన్సీకి అప్పగిస్తే డిపాజిట్ తిరిగిచ్చి వోచరు రాసిస్తారు. దాన్ని ఇక్కడి ఏజెన్సీలో చూపి కొత్త డిపాజిట్ కడితే కనెక్షన్ వస్తుంది. అద్దె ఒప్పందం మామూలుగా పదకొండు నెలలకు రాస్తారు. అందులో ఇద్దరి పేర్లూ రాయించండి. చిరునామా రుజువు కావలసిన ప్రతిచోటా రెండోవారు విడిగా తిరగాల్సిన బాధ తప్పుతుంది.

ఆధార్‌లో చిరునామా మార్చుకోవడం ఇక్కడ బ్యాంకు పనులకు మించి ఉపయోగపడుతుంది. తిరుపతి స్థానికులకు నెలలో మొదటి మంగళవారం దర్శనం 2024 డిసెంబరులో మళ్లీ మొదలైంది. స్థానిక చిరునామా ఉన్న అసలు ఆధార్ చూపాలి. టోకెన్లు ఇచ్చే పద్ధతి మారుతుంటుంది కాబట్టి దేవస్థానం ప్రకటన చూసుకుని వెళ్లండి. ఓటరు జాబితాలో చిరునామా మార్పుకు ఫారం 8 నింపాలి. పింఛనుదారులు నవంబరులో ఇచ్చే జీవన ప్రమాణ పత్రాన్ని ఫోనులో ముఖం చూపించి కూడా ఇవ్వవచ్చు, పాత బ్యాంకు శాఖకు ప్రయాణం అక్కరలేదు.

తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు నంబరున్న బండిని ఇక్కడ పన్నెండు నెలలకు మించి ఉంచితే చట్టప్రకారం ఆంధ్రప్రదేశ్ నంబరు తీసుకోవాలి. అందుకు పాత ఆర్టీవో నుంచి నిరభ్యంతర పత్రం కావాలి, ఇక్కడ జీవితకాలపు పన్ను కట్టాలి, ఆ తర్వాత పాత రాష్ట్రంలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు అడగాలి. రెండు కార్లున్నవాళ్లు ఒకటి అక్కడే అమ్మేసి రండి. ఊళ్లోపలి దారులకు స్కూటరే అనువు.

కొనాలనుకుంటే

పాత ఇల్లు అమ్మిన డబ్బు చేతిలో ఉంటే తిరుపతిలో వెంటనే ఫ్లాటు కొనేయాలనిపిస్తుంది. ఒక సంవత్సరం అద్దెకు ఉండండి. ఒక మే నెల, ఒక బ్రహ్మోత్సవం, ఒక నవంబరు గడిస్తే ఏ పేట మీకు సరిపడుతుందో తెలుస్తుంది. పన్ను భయంతో తొందరపడక్కరలేదు. ఇల్లు అమ్మగా వచ్చిన మూలధన లాభంతో అమ్మిన తేదీ నుంచి రెండేళ్లలోగా ఇల్లు కొన్నా, మూడేళ్లలోగా కట్టుకున్నా మినహాయింపు వర్తిస్తుంది. అయితే ఆ ఏటి ఆదాయపన్ను రిటర్ను గడువులోగా కొనకపోతే, వాడని మొత్తాన్ని బ్యాంకులో మూలధన లాభాల ఖాతాలో వేసి ఉంచాలి. మామూలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తే చెల్లదు. ఈ ఒక్క పనికి ఆడిటరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి.

స్థలం కానీ ఫ్లాటు కానీ చూసేటప్పుడు తిరుపతిలో అదనంగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈ భూమి మఠానిదా, దేవస్థానానిదా, ప్రభుత్వానిదా? హథీరాంజీ మఠానికి ఊరి చుట్టూ భూములున్నాయి. ఇలాంటి భూములు రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితాలో ఉంటాయి. ఇళ్లు కట్టి అమ్మకానికి పెట్టినంత మాత్రాన హక్కు వచ్చినట్టు కాదు. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదం ఉన్న లేఅవుటేనా చూడండి, ఆ ఆస్తిమీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీని ముప్పై ఏళ్లకు తీయించండి, సర్వే నంబరు పట్టుకుని సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో నిషేధిత జాబితాతో సరిచూడండి. ఆ మూడూ తేలాకే అడ్వాన్సు ఇవ్వండి, అది కూడా చెక్కు రూపంలోనే.